ఏడో కంచం

"బజ్జీ చల్లారితే తినబుద్ధి కాదు నస్రత్" అన్నారు మా ఆయన, పెళ్ళయిన మొదటి రంజాన్ నెలలో. కసురుకోలేదు. నవ్వుతూనే అన్నారు. ఆ ఒక్క మాట మీద పదహారు రంజాన్ నెలలు గడిచిపోయాయి.

సాయంత్రం మసీదు మైకు గరగరమనే వేళకి నడింట్లో గుడ్డ పరిచి నాలుగు కంచాలు పెడతాను. మా ఆయన గౌస్ బాషాకి, మా అత్త లాల్‌బీకి, మరిది సలీంకి, మా అమ్మాయి సైమాకి. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గంజి అన్నీ సర్ది, నేను వంటింట్లోకి వెళ్ళి బాణలి ముందు నిలబడతాను. అజాన్ వినపడగానే వాళ్ళు ఒక్కపొద్దు విడుస్తారు. నేనూ విడుస్తాను. ఒక చేత్తో ఖర్జూరం నోట్లో వేసుకుని, రెండో చేత్తో మిరపకాయని పిండిలో ముంచుతాను. కండ కరిగిపోయినా గింజ బుగ్గనే ఉండిపోతుంది. చేతులనిండా శనగపిండి, ఎక్కడ ఉమ్మను? ఆఖరి వాయి దిగి, వాళ్ళు నమాజుకి లేచాక, సింకు దగ్గర చేతులు కడుక్కుంటూ ఆ గింజ తీసి పారేస్తాను. అప్పటికి అది నున్నగా, రుచీ పచీ లేకుండా అయిపోయి ఉంటుంది.

ఇది కష్టమని నేనెవరితోనూ అనలేదు. అనడానికి ఇది కష్టమో కాదో నాకే తెలియదు. మా అత్తతో ఒకసారి, "కాళ్ళు పీకుతున్నాయత్తా" అంటే, "మేం ముప్పై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు విడిచాం ఒక్కపొద్దు. నీకు గ్యాసు పొయ్యి, పైన ఫ్యాను. ఇంకేం కావాలే?" అంది. నిజమే కదా అనుకున్నాను. కానీ ఒక్కపొద్దు విడిచే ముందు చేసే దువా అల్లా తప్పకుండా వింటాడంటారు. ఆ క్షణంలో బాణలి ముందు నిలబడి ఇంటిల్లిపాదికీ మేలు అడిగాక, ఒక్కోసారి ఒక ప్రశ్న కూడా అడిగేదాన్ని. అందరి ఆకలీ ఒకేసారి తీరాలని సూర్యుణ్ణి ఊరంతటికీ ఒకేసారి దించుతున్నావు కదయ్యా, మరి నా సూర్యుడు ఒక్కడే ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఎందుకు దిగుతున్నాడు? అడిగి, వెంటనే తప్పయిపోయిందని తోబా తోబా అనుకునేదాన్ని. జవాబు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అది బొమ్మల పుస్తకంలో వస్తుందని అసలు అనుకోలేదు.

పోయిన రంజాన్ నెల మొదట్లో సైమా బడి నుంచి ఎనిమిది పుస్తకాలు మోసుకొచ్చింది. ఆరో తరగతి పిల్ల. ఒంగోల్లో పిల్లల పుస్తకాల పండగట. దేశంలో తలో మూలా, తలో భాషలో వచ్చిన బొమ్మల పుస్తకాలని తెలుగులోకి తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టారట. ఏది బాగుందో, ఏది బాగాలేదో పిల్లలే మార్కులు వేయాలి. బొమ్మలు వేసినవాళ్ళు కూడా ఆ రోజు వచ్చి పిల్లలకి జవాబు చెప్పుకోవాలి. బడి మొత్తం మీద హారిక టీచర్ సైమాని ఎంచింది.

"మార్కులు పెద్దోళ్ళు వెయ్యరా?" అంది మా అత్త.

"పెద్దోళ్ళు చదవరు కదా జేజీ."

"అమ్మో, నోరు చూడు దీనికి. అచ్చం తల్లి నోరే!"

నాకు నోరు ఎప్పుడుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

మాది పరుపుల పని. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. బోర్డు మీద మా ఆయన పేరుంటుంది. ఆయన దూది నింపుతారు, నేను గలీబులు కుట్టి, పరుపు పొడవునా దబ్బనంతో కుట్లు వేస్తాను. కొనేవాళ్ళు చేత్తో నొక్కి చూసి, "బాషా చేతి పరుపు పదేళ్ళైనా ఉండకట్టదు" అంటారు. మా ఆయన తల ఊపుతారు. నేను లోపల దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ ఉంటాను. ఆ నెలలో పెళ్ళి పరుపులు చాలా ఉన్నాయి. మధ్యాహ్నం పరుపు మీద నేను కుట్లు వేస్తుంటే, దాని మీదే బోర్లా పడుకుని సైమా పైకి చదివేది. అది ఆగిన చోట నేను తొంగి చూసి అందించేదాన్ని. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. అది నిద్రపోతే, మిగతాది నేనే చదువుకునేదాన్ని.

ఎన్ని చూశానో! సింగరాయకొండ దాటి నేనెక్కడికీ వెళ్ళలేదు. అలాంటిది, మంచు కొండల్లో తప్పిపోయిన మేకపిల్లని వెతుకుతూ ఒక పిల్ల వెళుతుంటే, దాని వెనకే నేనూ వెళ్ళాను. ఆ మంచు వట్టి తెల్లకాగితమే. బొమ్మ వేసినాయన ఏమీ గీయకుండా వదిలేసి, దాని మీద చిన్న చిన్న అడుగులు మాత్రం వేశాడు. నా చేతికి చలి తగిలింది. ఇంకో పుస్తకంలో రెండు పేజీల నిండా వాన. ఆ వానలో ఎక్కడో మూల ఒకే ఒక్క కప్ప. దాన్ని కనిపెట్టడానికి సైమాకీ నాకూ అరగంట పట్టింది. దొరికాక ఇద్దరం అరిచిన అరుపుకి మా అత్త లేచి వచ్చింది. "ఏమయిందే? సూది గుచ్చుకుందా?" అంది. కప్పని చూపిస్తే, "ఛీ, దీనికా!" అని వెళ్ళిపోయి, కాసేపటికి మళ్ళీ వచ్చి, "ఏదీ, ఇంకోసారి చూపించు" అంది. ఈ దేశంలో ఎక్కడో కూర్చుని, నాకు తెలియని పిల్లల కోసం ఇంత ఓపిగ్గా కప్పలు దాచిపెట్టే మనుషులున్నారని తెలిసి నా కడుపు నిండింది. ఒక్కపొద్దు ఉన్న మధ్యాహ్నం కూడా.

ఎనిమిదో పుస్తకం పేరు 'ఏడుగురు, ఒక గొడుగు'. బొమ్మలు: పిచ్చమ్మ అని ఉంది. సముద్రం ఒడ్డున ఒక ఇల్లు, తుఫాను రోజు. ఇంట్లో ఏడుగురు, ఉన్నది ఒకటే గొడుగు. తాత బడ్డీకొట్టుకి, నాన్న పడవ చూడటానికి, పిల్లలు బడికి, ఎవరికి వాళ్ళు ఆ గొడుగు కోసం పోట్లాడుకుంటారు. సైమా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, కానీ నా కన్ను మూలల్లోకి పోతోంది. ప్రతి పేజీలోనూ ఏదో ఒక మూల అమ్మ ఉంది. కారే చోట గిన్నె పెడుతూ, తడి బట్టలు పిండుతూ, పొయ్యి ఊదుతూ. కథలో ఆమె గురించి ఒక్క మాట లేదు. ఆమె గొడుగు అడగలేదు. ఆఖరి పేజీలో వాన వెలిసింది. అందరూ గుండ్రంగా కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నారు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

సైమా వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"అమ్మా, బొమ్మలో తప్పుంది. ఏడుగురున్నారు, ఆరే కంచాలు గీసింది. రెండు మార్కులు కట్."

"తప్పు కాదే" అన్నాను.

"ఎందుక్కాదు?"

"అలాగే ఉంటుంది."

"ఎందుకలా ఉంటుంది?"

నేను దారం కొరికాను.

ఆ సాయంత్రం అజాన్ అయ్యాక వంటింటి గుమ్మంలో ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూశాను. సైమా. కంచం వదిలి వచ్చి నిలబడింది. నన్ను చూసింది, బాణలి చూసింది, వెనక్కి తిరిగి నడింట్లో గుడ్డ మీదకి చూసింది. దాని పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"అన్నం దగ్గర్నించి లేస్తారటే!" అని మా అత్త అరిచింది. అది మెల్లగా వెళ్ళిపోయింది.

ఒంగోలు ప్రయాణం మాట వచ్చినప్పుడు మా ఆయన, "బొమ్మల పుస్తకాలకి అంత దూరమా? సరేలే, సలీం తీసుకెళ్తాడు" అన్నారు.

"బాబాయ్ ఒక్క పుస్తకం కూడా చూళ్ళేదు నాన్నా. అమ్మ ఎనిమిదీ చదివింది."

ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. "నువ్వా? ఎప్పుడు చదివావు?"

"పరుపులు కుడతానే" అన్నాను.

ఆయన మళ్ళీ దూది పీకడం మొదలుపెట్టారు. "అయితే నువ్వే పో. ఇఫ్తార్ వేళకి వచ్చెయ్యండి" అన్నారు. మంచి మనిషి. నేనెప్పుడూ కాదనలేదు.

పండగ ఒక పెద్ద హాల్లో. దారం మీద పుస్తకాలు బట్టల్లా ఆరేశారు. ఎన్ని ఊళ్ళ పిల్లలో! బొమ్మలు వేసినవాళ్ళని వేదిక మీద కూర్చోబెడితే, వాళ్ళు పరీక్ష రాసేవాళ్ళలా బిక్కుబిక్కుమంటున్నారు. కొత్తపట్నం నుంచి వచ్చిన ఒక పిల్లాడు లేచి, "సార్, మీ ఒంటెకి ఐదో పేజీలో రెండు మూపురాలున్నాయి, ఆరో పేజీలో ఒకటే ఉంది" అన్నాడు. ఆ సారు తల గోక్కుని, "ఒకటి దారిలో పడిపోయినట్టుందిరా, వెతుకుదాం పద" అన్నాడు. హాలంతా నవ్వు. ఎవరో నాకు టీ తెచ్చిచ్చారు. ఒక్కపొద్దు అని చెబితే, "అయ్యో, క్షమించండమ్మా" అని కుర్చీ వేశారు. ఆ కుర్చీలో కూర్చుని, పిల్లల మాట ఇంతమంది పెద్దవాళ్ళు చెవులొగ్గి వినే చోటు ఒకటి ఉందని చూస్తుంటే, నా కళ్ళు చెమర్చాయి.

పిచ్చమ్మగారికి అరవై దాటి ఉంటాయి. నేత చీర, వేళ్ళకి రంగు మరకలు. సైమా మైకు ముందు మునివేళ్ళ మీద నిలబడింది.

"మేడం, మీ పుస్తకం నాకు చాలా ఇష్టం. కానీ ఏడుగురికి ఆరు కంచాలే గీశారు. అందుకని రెండు మార్కులు తీసేశాను. మా అమ్మ మాత్రం తప్పు కాదంటోంది."

అందరూ నవ్వారు. పిచ్చమ్మగారు నవ్వలేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ చూశారు. చాలాసేపు చూశారు.

"ఎనిమిదేళ్ళయింది ఇది వేసి" అన్నారు. "ఎంతోమంది చూశారు. ఎవరూ అడగలేదు. నేనూ చూసుకోలేదమ్మా. అది మా ఇల్లే. మా అమ్మ తింటుంటే నేనెప్పుడూ చూడలేదు. చూడనిది చేతికి రాలేదు. నీ మార్కులు న్యాయమే." తర్వాత హాలు వైపు తిరిగి, "తప్పు కాదన్న ఆ అమ్మ ఎవరండీ?" అన్నారు.

మైకు నా దాకా వచ్చింది. "నేనేనండీ" అన్నాను. ఆమె ఇంకా ఎదురుచూస్తున్నారు. "ఆ అమ్మకి వడ్డించడం ఇష్టమేనండీ. వాళ్ళు తింటుంటే చూడటం ఇంకా ఇష్టం. మీరు అబద్ధం గీయలేదు, అందుకని తప్పు కాదన్నాను. అయితే... పులుసు వేడిగా ఉండగానే ఆమె కూడా తింటే బాగుండు అని మాత్రం అనిపించిందండీ."

పిచ్చమ్మగారు మెట్లు దిగి మా దగ్గరికి వచ్చారు. సైమా చేతిలోని పుస్తకం తీసుకుని, నా కుర్చీ చేతి మీదే ఆన్చి, బొడ్డున దోపుకున్న నల్ల కలం తీశారు. తాతకీ పిల్లలకీ నడుమ ఉన్న కాస్త చోటులో గుండ్రంగా ఒక కంచం గీశారు. ఏడో కంచం. నేను ఇంకా చూస్తున్నాను, అమ్మని కూడా కూర్చోబెడతారేమో అని. ఆమె కలం మూత పెట్టేశారు.

"నేను కంచం వరకే గీయగలనమ్మా" అన్నారు నెమ్మదిగా. "కూర్చోవడం ఆవిడ చేతిలో ఉంది."

బస్సులో సైమా నా ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. పుస్తకం నా చేతిలో ఉంది. సమయానికే ఇంటికి చేరాం. ఆ రోజూ, మర్నాడూ నేనేమీ చేయలేదు. బాణలి ముందే ఒక్కపొద్దు విడిచాను. గింజ బుగ్గనే ఉంది. సైమా నన్నేమీ అడగలేదు. పుస్తకం మాత్రం వంటింటి అలమరలో, పోపుల డబ్బా పక్కన, ఆఖరి పేజీ తెరిచి నిలబెట్టింది.

మూడో రోజు బజ్జీలు ముందే వేసేశాను. మూత పెట్టాను. పొయ్యి ఆపేశాను. ఆ వేళప్పుడు మా వంటింట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నడింట్లో గుడ్డ పరిచి కంచాలు పెట్టాను.

"ఎవరొస్తున్నారే?" అంది మా అత్త. "ఐదు పెట్టావు?"

"ఎవరూ రావట్లేదత్తా. నాకే."

సలీం ఫోన్లోంచి తలెత్తాడు. మా ఆయన మూత తీసి చూసి, "బజ్జీలు చల్లారిపోతాయి కదా నస్రత్" అన్నారు. పదహారేళ్ళ కిందటి గొంతే. కోపం లేని గొంతు.

"అవునండీ, కొంచెం చల్లారతాయి" అన్నాను. అని, కూర్చున్నాను.

మా అత్త నా కంచం వంక చూస్తోంది. ముప్పై ఏళ్ళ కట్టెల పొయ్యి ఆమె కళ్ళలో కనపడింది నాకు. ఏదో అంటుందని బిగుసుకుని ఉన్నాను. ఆమె మోకాలు పట్టుకుని, మూలుగుతూ, కొద్దిగా పక్కకి జరిగింది. "గోడకానుకుని కూర్చో. నడుం పట్టేస్తది" అంది.

దువాలో ఆ రోజు నేనేమీ అడగలేదు. పేరు తెలియని కప్పకీ, మంచులో అడుగులకీ, రెండు మార్కులు తీసేసిన నా బిడ్డకీ, కలం మూత పెట్టేసిన ఆ పెద్దావిడకీ మేలు చేయమన్నాను. అజాన్ వినపడింది. మా ఆయన బజ్జీ కొరికి, "చల్లారింది" అని, ఇంకో మూడు తిన్నారు. సైమా నా వంక చూడకుండా నవ్వు ఆపుకుంటోంది.

నేను ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. నిదానంగా తిన్నాను. ఇంత తియ్యగా ఉంటుందా ఇది! గింజ అలవాటుగా బుగ్గలోకి పోయింది. ఒక్క క్షణం అలాగే ఉంచుకుని, తర్వాత తీసి, నా కంచంలో పెట్టాను.