బాయిలర్ గది తలుపు

డెబ్భై రెండు ఎండాకాలం. యుద్ధం ముగిసింది. దాని పాఠాలను కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్లకు చెప్పే పని, విశాఖ నేవీలో పాత నావికుడు గవర్రాజు మీద పడింది.

అతని చెల్లెలి మొగుడు కన్నబాబు ఆ యుద్ధంలోనే పోయాడు. ఓడకు దెబ్బ తగిలి బాయిలర్ గదిలోకి నీళ్లు జొరబడ్డాయి. నీళ్లను ఆపాల్సిన ఇనప తలుపును కన్నబాబే తెరిచి తాడుతో కట్టేసి ఉంచాడు. తడిసిన ముడి బిగుసుకుపోయింది. విప్పేలోగా పక్క గదీ మునిగింది.

నావికుల క్రమశిక్షణ లోపం అని విచారణ తేల్చింది. ఇకపై తలుపు కట్టరాదు. అంతే. ఎందుకు కట్టారని ఒక్కడూ అడగలేదు. ఆ గదిలో గాలి ఫేను ఎప్పుడో చచ్చింది. తలుపు మూస్తే మనిషి ఉడికిపోతాడు. అందుకే ప్రతి బ్యాచీ తాడు కట్టేది. ప్రతి ఆఫీసరూ చూడనట్టు పోయేవాడు. ఓడకు పడ్డ చిల్లు పూడ్చారు గాని ఫేను జోలికి పోలేదు. ఆ ఓడే ఇవాళ మధ్యాహ్నం ఈ కుర్రాళ్లను ఎక్కించుకుని పోతుంది.

తరగతి గదిలో కుర్రాళ్ల ముందు గవర్రాజు తాడు చేతికి తీసుకున్నాడు.

"ఒరే, ఇనండి. కట్టొద్దంతారు. ఆ ఉక్కలో మీరు కట్టకుండా ఉండలేరు. కట్టేదేదో బతికేలా కట్టండి. ఇది జారుముడి. కొస పట్టి ఒక్క లాగు లాగితే ఊడిపోద్ది."

"మరి కన్నబాబుగారు ఏ ముడి ఏసేరండి?" ఒక కుర్రాడు అడిగాడు.

"మా బావా? పెందుర్తి రైతుబిడ్డ. ఎద్దుని గుంజకి కట్టే ముడే వొచ్చు ఆడికి. ఎద్దు తెంపుకోకుండా ఏసే ముడి, మనిసికి ఊడతాదేటి?"

గుమ్మంలో లెఫ్టినెంట్ అచ్యుతరామయ్య నిలబడి ఉన్నాడు.

"ప్రాణాలు తీసిన అలవాటునే నేర్పుతున్నావా గవర్రాజూ?"

"ఫేను బాగుసెయ్యండి సార్. ఈ తాడు నానే కాల్చేత్తాను."

"ఫేను నీ పాఠంలో లేదు. తప్పు కన్నబాబుదని చెప్పి ముగించు."

"సచ్చినోడి మీద రుద్దేసేరు. బతికున్నోళ్లకేటి సెప్పమంతారు?"

లెఫ్టినెంట్ తాడు లాక్కుని గవర్రాజును బయటికి గెంటించాడు. గవర్రాజు ఎండలో, కిటికీ పక్కన నిలబడి లోపలి మాటలు విన్నాడు.

"ఏం నేర్చుకున్నారు?"

"తలుపు కట్టకూడదు సార్!" కుర్రాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు.

లెఫ్టినెంట్ శభాష్ అన్నాడు.

మధ్యాహ్నం వాళ్లు ఓడెక్కారు. ఎంతమందికి ముడి పట్టుబడిందో అడుగుదామని గవర్రాజు పరిగెత్తాడు. కాపలా సెంట్రీ తుపాకీ అడ్డం పెట్టి, ఓడ ఆగిన జెట్టీ మీదికి పోనివ్వలేదు.