ఆ తల్లి మాట్లాడిన భాష

"సినిమాలో ముసలామె మాటలు తెలుగు చేసీసేవా?" అని జగదీష్ వంటగది గుమ్మంలో నిలబడి అడిగేసరికి కనక పెనం మీద దోసె తిరగేస్తోంది. గట్టు మీద, మిక్సీకీ పోపులడబ్బాకీ మధ్య ల్యాప్‌టాప్. అందులో మంచు పొలంలో నడుస్తున్న ఉక్రెయిన్ తల్లి బొమ్మ ఆపినచోటే ఆగిపోయి ఉంది.

జగదీష్ అరకు కాలేజీలో చరిత్ర లెక్చరర్. అక్కడి ఫిలిం క్లబ్బు అతనిదే. ఈ నెల ఆదివారాలన్నీ ఉక్రెయిన్ సినిమాలు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పిల్లలు అందుకోలేరని, తెర పక్కన కూర్చుని మైకులో తెలుగు చదివే పని కనకకు అప్పగించాడు. ఆమె గురుకులంలో ఇంగ్లీషు టీచరు. బడి, వంట, అత్తగారి మందులు, పాప హోంవర్కు అన్నీ తెమిలాక మిగిలిన వేళల్లో ఆ మాటలు రాస్తోంది. పోస్టరు మీద మాత్రం తెలుగు అనువాదం జగదీష్ అని ఉంది. అడిగితే, "ఇంట్లో ఎవరు రాస్తే ఏటి కనకా, ఒకటే కదా" అన్నాడు నవ్వుతూ.

ధాన్యమంతా సర్కారువాళ్లు ఊడ్చుకుపోయిన కరువులో బతికి బయటపడ్డ తల్లి కథ అది. ఏళ్ల తరవాత పట్నంలో చదువుకుంటున్న కొడుకును చూడబోతుంది. అక్కడంతా రష్యన్. కొడుకు ఆమెను హాస్టలు గుమ్మంలోనే ఆపి, "ఇక్కడ మన భాష మాట్లాడకమ్మా" అంటాడు. ఆ వాక్యం దగ్గర కనక చెయ్యి ప్రతిసారీ ఆగిపోయేది. కూతురు వెన్నెల పుట్టిన కొత్తలో తన పుట్టింటి గూడెం భాష కువిలో జోలపాడుతుంటే అత్తగారు వచ్చి, "ఆ కొండబాస గుంట సెవిలో పొయ్యకే. రేపు బళ్ళో అందరూ నవ్వుతారు" అంది. జగదీష్ పేపరు మడుస్తూ, "అమ్మ చెప్పింది నిజమే. తెలుగు, ఇంగ్లీషు చాలు దానికి" అన్నాడు. ఇష్టపడి కొండమీది గూడేనికి వచ్చి పెళ్లాడిన మనిషి, మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్న మాటకు ఎలా ఎదురుచెప్పాలో కనకకు తెలియలేదు. పాట ఆపేసింది. అప్పటినుంచీ ఆమె తల్లి సోములమ్మ సంతకు వచ్చినప్పుడల్లా మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమురుతుందే తప్ప మాట్లాడదు. తెలుగు ఆమెకు రాదు, కువి పాపకు రాదు.

ఆదివారం హాలు నిండింది. సోములమ్మ కూడా వచ్చి, వెన్నెలను పక్కన పెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. జగదీష్ మైకు పట్టుకుని చాలా బాగా మాట్లాడాడు. "ఒక జాతి చరిత్ర దాని భాషలో ఉంటుంది. ఈ సినిమాలు తీసినవాళ్లు తమ తల్లుల భాషను తెరమీదికి తెచ్చుకుని, మేమూ ఉన్నామని లోకానికి చెప్పారు." విశాఖ నుంచి వచ్చిన అతిథి చప్పట్లు కొట్టాడు. కనక కూడా కొట్టింది. ఈయన చెప్పింది నిజమే కదా అనుకుంది.

సినిమాలో హాస్టలు గుమ్మం వచ్చింది. కొడుకు మాటను కనక తెలుగులో చదివింది. తెరమీద తల్లి రొట్టెల మూట గుండెకు హత్తుకుని పెదవులు కదిపింది. "నీతో ఇంకే భాషలో మాట్లాడనురా నాయనా?" కాగితం మీద తెలుగు వాక్యం ఉంది. కనక నోరు తెరిచింది. కువి వచ్చింది.

కొండగూడేల అమ్మాయిలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకెవరో గదమాయించారు. గోడవార నుంచి జగదీష్ ఆపమని చెయ్యి ఊపుతున్నాడు. కనక చూసింది. చూసి, మళ్లీ తెరవైపు తిరిగింది. అక్కడినుంచి కొడుకు మాటలన్నీ తెలుగులో, తల్లి మాటలన్నీ కువిలో చెప్పింది. మొదట ఒక్కో మాటకూ తడుముకుంది. ఆ తల్లి ఒంటరిగా రైలెక్కి వెనక్కి పోయే వేళకు నిలదొక్కుకుంది.

లైట్లు వెలగ్గానే జగదీష్ వచ్చాడు. "ఏటి చేసేవు కనకా? గెస్టు ముందు నా పరువు తీసీసేవు. సగం మందికి అర్థం కాలేదు."

"మిగతా సగానికి అయింది కదండీ."

"వచ్చే ఆదివారం తెలుగే చదవాలి. లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాను."

"చూసుకోండి. నేను చదివితే ఇలాగే చదువుతాను." గట్టిగా అనలేదు. అతనిలాగే మెత్తగా అంది.

బయట సోములమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. కూతుర్ని చూడగానే కువిలో అడిగింది. "పాపం, ఆ తల్లిది ఏ ఊరే? మన అనంతగిరి వైపేనా?"

వెన్నెల కనక చెయ్యి లాగింది. "అమ్మా, అమ్మమ్మ ఏమంటోంది?"

జగదీష్ వెనకే వచ్చి నిలబడ్డాడు. కనక కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అమ్మమ్మ అడిగిన ప్రశ్నను కువిలోనే, ఒక్కో మాటా విడదీసి, కూతురిచేత పలికించింది.