స్టాలుకి రెండే బ్యాడ్జీలు

“టేపు తొక్కకు, ఊడొస్తుంది,” అన్నాడు భర్త, సోఫాలోంచి కదలకుండానే.

తడిగుడ్డతో నేల తుడుస్తున్న ఆమె తలెత్తి చూసింది. ఆ టేపు అంటించింది ఆమే. పొద్దున్నే లేచి, సోఫాని ఒక్కతే గోడవారకి జరిపి, ముందుగది నేల మీద మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు కొలిచి నల్ల టేపుతో గీత గీసింది. ఇంకో నాలుగు రోజుల్లో కన్వెన్షన్ సెంటర్‌లో మొదలయ్యే ఆస్పత్రి సామగ్రి ప్రదర్శనలో వాళ్ల స్టాలు సరిగ్గా అంతే ఉంటుంది. మూడో హాలు, ఎడమ పక్కన చక్రాల కుర్చీల కంపెనీ, కుడి పక్కన చేతితొడుగుల కంపెనీ, మధ్యలో వీళ్లు. కాగితం మీద చూస్తే బోలెడు చోటున్నట్టే ఉంది. నేల మీద గీశాక తెలిసింది, స్టాలులో పెట్టాల్సిన మంచం అడ్డంగా వేస్తే జనం లోపలికి రాలేరని, గోడకి ఆనించి వేస్తే రెండో పక్కకి మనిషి వెళ్లలేడని. మధ్యాహ్నం దాకా ఇంట్లో మంచాన్నే ఆ గీతల మధ్య అటూ ఇటూ లాగి, చివరికి ఐమూలగా వేస్తే కుదురుతుందని తేల్చింది. ఇదంతా చేసిన మనిషికే టేపు తొక్కొద్దని చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. అది ఆయనగారి దగ్గర పుష్కలంగా ఉంది.

“తొక్కడం లేదు,” అని మాత్రం అని, గీతకి ఇవతలా అవతలా తుడిచింది.

ఆ స్టాలులో పెట్టబోయేది ఒకే ఒక్క వస్తువు. మంచాన పడ్డ మనిషికి, లేపకుండా, కూర్చోబెట్టకుండా తొడగగలిగే గౌను. అది ఎలా పుట్టిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఎవరూ తెలిసినట్టు ఉండరు. రెండేళ్ల కిందట అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి, కుడి భుజం రెండూ విరగ్గొట్టుకుంది. ఐదు నెలలు మంచం దిగలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో తడిసినప్పుడల్లా బట్టలు మార్చాలి. మామూలు గౌను తల మీంచి తొడగబోతే ఆవిడ పెట్టే కేకలకి వీధిలోవాళ్లు ఆగి చూసేవారు. అప్పుడు అత్తగారి పెద్ద కొడుకు, అంటే ఈమె భర్త, పక్కగదిలో టీవీ సౌండు పెంచేవాడు. “కాస్త నెమ్మదిగా మార్చలేవా? ఫోన్ మాట్లాడలేక చస్తున్నా,” అనేవాడు గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి మాత్రం అడుగు పెట్టకుండా. చిన్న కొడుకు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయేవాడు. అమ్మ ఒంటి మీద గుడ్డ మార్చడం కొడుకుల పని కాదని ఎవరు ఎప్పుడు చెప్పారో తెలియదు గానీ, ఇద్దరికీ ఆ పాఠం మాత్రం బాగా వంటబట్టింది.

పదిరోజులు చూసి, ఆమె పాత దుప్పటి ఒకటి కత్తిరించింది. మొదటి గౌనుకి ముడి వీపు కిందికి వచ్చి ఒరుసుకుపోయింది. ముడిని పక్కకి జరిపింది. గౌను చేతుల్ని మెడ దగ్గర్నుంచి మణికట్టు దాకా పైన చీల్చి ప్రెస్ బటన్లు వేసింది. వీపు భాగాన్ని రెండు ముక్కలు చేసింది, మనిషిని ఒక్కసారి పక్కకి తిప్పితే చాలేట్టు. చీల్చడం, కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. పదకొండో గౌనుకి అత్తగారు కేక పెట్టలేదు. “అయిపోయిందా?” అని అడిగింది, నమ్మలేనట్టు. ఆ ఒక్క మాటకి ఈమె వంటగదిలోకి వెళ్లి, కొళాయి తిప్పుకుని, ఆ చప్పుడులో కరువుతీరా ఏడ్చింది.

ఆ తర్వాత అది “మన ప్రాడక్ట్” అయింది. అప్పటిదాకా ఆస్పత్రులకి దుప్పట్లు, దిండుగలీబులు కుట్టించే భర్త, దీన్ని చూసి పేరు పెట్టాడు, బ్రోషర్ వేయించాడు. అందులో మొదటి వాక్యం “మా పరిశోధన బృందం ఎంతో శ్రమించి రూపొందించిన” అని మొదలవుతుంది.

“ఆ బృందంలో ఎవరెవరున్నారండీ?” అని అడిగింది ఆమె, ప్రెస్ నుంచి కట్టలు వచ్చిన రోజున.

“అలా రాస్తేనే నమ్ముతారు. ఇంట్లో ఆడవాళ్లు కుట్టారంటే ఎవడు కొంటాడు?” అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగడంలో ఆమెకీ బాగానే అనుభవం ఉంది.

ఐదు గంటలకి లాప్‌టాప్ ముందు కూర్చుంది. స్టాలులో ఉండేవాళ్ల వివరాలు సాయంత్రం ఆరులోపు పంపాలి, ఆరు దాటితే ఆ పేజీ మూసుకుపోతుంది. భర్తకి టైపింగు రాదని కాదు. ఆమె చేస్తుంది కదా అని రాదు.

“కొట్టు. బ్యాడ్జీ ఒకటి, నా పేరు, మేనేజింగ్ డైరెక్టర్. రెండు, తమ్ముడి పేరు, మార్కెటింగ్.”

కొట్టింది. మూడో గడి కోసం కిందికి జరిపింది. లేదు.

“నాది?”

“స్టాలుకి రెండే ఇస్తారుగా. నువ్వు కావాలంటే ఆఖరి రోజు విజిటర్ పాసు మీద రా. ఓ గంట చూసి వెళ్దువుగాని.”

చూసి వెళ్లడం. తన గౌనుని తను, సంతకి వచ్చిన మనిషిలా, ఓ గంట చూసి వెళ్లడం. స్టాలు కోసం ఉత్తరాలు రాసింది ఆమె. మంచం అద్దెకి మాట్లాడింది ఆమె. ప్లగ్గు పాయింటు ఎక్కడుండాలో, బ్యానరు ఎంత ఎత్తులో కట్టాలో కన్వెన్షన్ సెంటర్ వాళ్లతో వారం రోజులు ఫోనులో గొంతు పోయేలా మాట్లాడింది ఆమె. ఈ పని అంతా జరుగుతున్నంతకాలం తను కూడా అక్కడ నిలబడుతుందనే అనుకుంది. ఎవరూ అనలేదు, ఆమే అనుకుంది. ఆ వెర్రితనానికి తన మీద తనకే కోపం వచ్చింది.

“నేను మూడు రోజులూ వస్తానండి,” అంది.

గుమ్మం పక్కన కుర్చీలో, వాకర్ ముందు పెట్టుకుని కూర్చున్న అత్తగారు వెంటనే అందుకుంది. “నువ్వెళ్తే నన్నెవరు చూస్తారే అమ్మాయ్? మాత్రలెవరిస్తారు?”

“అదీ,” అన్నాడు భర్త, జడ్జిమెంటు వచ్చేసినట్టు. “అయినా నీకు అక్కడ ఏం పని? వచ్చేవాళ్లంతా డాక్టర్లు, పెద్దపెద్ద ఆస్పత్రుల వాళ్లు. ఇంగ్లీషులో గబగబా అడుగుతారు. తడబడతావు. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే ఆలోచించా.”

ఆమె ఒళ్లు మండిపోయింది. ఆ వచ్చేవాళ్లలో మొదటిరోజు పదకొండు గంటలకి రాబోయే హెడ్ నర్సు ఉత్తరం ఆమే చదివింది, జవాబూ ఆమే రాసింది. ఆరు ఆస్పత్రులకి బట్టలు ఎంపిక చేసే మనిషి. ఎనిమిదిమంది నర్సులతో వస్తానని, అసలు కదలలేని మనిషికి గౌను మార్చి చూపించాలని, బ్రోషర్లు వద్దని రాసింది. ఆ ఉత్తరం గుర్తుచేస్తే భర్త చెయ్యి ఊపేశాడు.

“అదెంత పని? తమ్ముణ్ణి పడుకోబెట్టి నేను తొడుగుతా. ఒరేయ్, కిందికి రారా!”

మరిది వచ్చాడు. “వదినా, ఇక్కడేనా?” అని మంచం మీద పడుకుని, ఫోన్ చూసుకోబోతే ఆమె తీసేసుకుంది. కదలలేని మనిషి ఫోన్ చూడడు.

“నమస్కారం. మా పరిశోధన బృందం…” అని మొదలుపెట్టాడు భర్త, ఎదురుగా లేని నర్సుల వైపు చూసి నవ్వుతూ. మాటలు బాగానే చెప్పాడు. మాటలకేం కరువు లేదు. గౌను చేతిలోకి తీసుకున్నాక అసలు బాగోతం మొదలైంది. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు. ప్రెస్ బటన్లు తెరవకుండా చెయ్యి దూర్చబోయాడు. పేషెంటుకి కుడి భుజం విరిగిందనుకుని చూపించాలి కదా, నొప్పి ఉన్న చేతికి ముందు తొడగాలి, మంచి చేతికి తర్వాత. అతను మంచి చేతికి ముందు తొడిగి, నొప్పి చేతిని వెనక్కి మెలిపెట్టి లాగాడు. “అబ్బా!” అన్నాడు మరిది, ఏ నొప్పీ లేనివాడు. గౌను వీపు కింద ఇరుక్కుంది. చివరికి తమ్ముడి రెండు చంకల్లో చేతులు వేసి, బస్తాని లేపినట్టు లేపి కూర్చోబెట్టాడు.

అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది.

“నన్ను అలా లేపుంటే అప్పుడే పోయేదాన్నిరా,” అంది అత్తగారు. తర్వాత కాసేపు కొడుకునే చూసి, “ఐదు నెలల్లో ఒక్కసారి కూడా చూళ్లేదన్నమాట,” అంది, మెల్లగా, ఎవరికో చెబుతున్నట్టు.

భర్త ముఖం కందగడ్డయింది. “కుట్టడంలోనే ఏదో లోపం ఉంది. ఇంత గందరగోళంగా ఉంటే ఎవడికి అర్థమవుతుంది?” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గౌనుని తిరగేసి కుట్లు వెతికాడు. ఆమె వచ్చి సరిచేస్తుందని, పక్కన నిలబడి ఒక్కొక్కటీ చూపిస్తుందని ముగ్గురూ ఎదురుచూస్తున్నారు. పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో ఏది తప్పినా ఆమె వచ్చి సరిచేసింది. చేతులు తమంతట తామే ముందుకి వెళ్లబోయాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు బిగించి కూర్చుంది.

గడియారం ఐదున్నర దాటింది. అప్పుడు భర్తకి ఉపాయం తట్టింది. ముఖం వెలిగింది.

“పోనీ ఇలా చేద్దాం. నువ్వు మంచం మీద పడుకో. పేషెంటువి నువ్వే. నేను తొడుగుతుంటే, నువ్వు కింద నుంచి మెల్లగా చెబుతూ ఉండు, ఏది ముందు, ఏది వెనక అని. ముఖం అటు తిప్పుకుంటే పెదాలు కదులుతున్నట్టు కూడా ఎవరికీ తెలీదు.”

“బ్యాడ్జీ లేదుగా.”

“సామాన్లు మోసేవాళ్లకి విడిగా పాసులిస్తారు. పొద్దున్నే ఆ పాసు మీద వెనక గేటులోంచి లోపలికి తెచ్చేస్తా. పదకొండున్నరకి అయిపోతుంది, అమ్మ భోజనం వేళకి ఇంటికొచ్చేస్తావు. ప్లీజ్. నువ్వుంటేనే అవుతుంది, నాకు తెలుసు.” గొంతు మెత్తబడింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఇన్నేళ్లలో ఆ కాళ్లు పట్టుకునే గొంతుకి ఆమె ఎన్నిసార్లు కరిగిందో లెక్కలేదు.

అవమానం అంటే కోపంగా తిట్టడం అనుకునేది ఇన్నాళ్లూ. కాదని ఇప్పుడు తెలిసింది. నువ్వుంటేనే అవుతుంది అంటూనే వెనక గేటులోంచి సామానుతో పాటు తెస్తానన్నాడు. అలా అన్నానని కూడా అతనికి తెలియదు. ఆ మంచం మీద పడుకుంటే ఎనిమిదిమంది నర్సులు తనని చూస్తారు, ఒక్కళ్లూ తనతో మాట్లాడరు. తన చేతుల్లో ఉన్న పనిని అతను తన ఒంటి మీద తప్పుగా చేస్తుంటే, తను పెదాలు కదలకుండా దిద్దుతూ ఉండాలి. వాళ్లు అతనికి చప్పట్లు కొడతారు. ఆ తర్వాత భోజనం వేళకి ఇంటికి.

ఆమె లేచి లాప్‌టాప్ ముందుకి వెళ్లింది. ఐదూ నలభై ఐదు.

“నాకు నేర్పిస్తానంటావా? నాలుగు రోజులున్నాయిగా,” అన్నాడు భర్త ఆశగా.

“నేర్చుకునేవాళ్లు అప్పుడే నేర్చుకునేవాళ్లు. ఐదు నెలలు పక్కగదిలోనే జరిగింది.”

మొదటి గడిలో ఉన్నది చెరిపి, తన పేరు కొట్టింది. హోదా దగ్గర ఒక్క క్షణం ఆగింది. ‘గౌను రూపొందించినవారు’ అని కొట్టి, ముగ్గురికీ వినపడేలా పైకి చదివింది. దొంగచాటుగా చేయదలుచుకోలేదు. మరిది ఇంకా సగం తొడిగిన గౌనుతో మంచం మీదే ఉన్నాడు.

“మరి నా బ్యాడ్జీ, వదినా?”

“నువ్వు మూడు రోజులూ ఇంట్లో ఉంటావు. మీ అమ్మని చూసుకుంటావు.”

“వాడా! నా మాత్రల డబ్బా ఎక్కడుంటుందో కూడా వాడికి తెలీదు,” అంది అత్తగారు.

“మీకు తెలుసుగా అత్తయ్యా. మీరు చెప్పండి.”

అత్తగారు కోడలి వంక చూసింది, తర్వాత చిన్న కొడుకు వంక. “వంటగది అలమారలో, రెండో అర,” అంది వాడితో, కాస్త గట్టిగా. “లేచి ఇప్పుడే చూసిరా.”

వాడు లేచాడు. భర్త వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. “ఏం చేస్తున్నావో తెలుస్తోందా? కంపెనీ నాది. డైరెక్టర్ని నేను. అక్కడ నేను లేకుండా…”

“మీరు లేకుండా ఎందుకు? రెండోది మీదే.” రెండో గడిలో మరిది పేరూ హోదా చెరిపి, అతని పేరు కొట్టింది. హోదా గడి ఖాళీగా వదిలేసి, పంపే బటన్ నొక్కింది. వివరాలు అందాయని తెర మీద వచ్చింది.

“నిన్ను ముందు నిలబెట్టి నేనక్కడ ఏం చెయ్యాలి?”

ఆమె కుర్చీ వెనక్కి తిప్పి, చాలా రోజుల తర్వాత అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“మంచం మీద కదలకుండా పడుకోండి. మాట్లాడేది నేను.”