పేరు పెట్టి చేసిన ప్రార్థన

మా వదిన ప్రార్థనకు లేచిందంటే మైకు ఆపేయవచ్చు. గేటు దగ్గర సైకిళ్ళు కాసే అతనికి కూడా ఎవరింట్లో ఎవరికి జ్వరమో తెలిసిపోతుంది. మా అన్నయ్య పాస్టరు. ఆయన వాక్యం చెబుతుంటే కునుకు తీసేవాళ్ళంతా వదిన గొంతుకు లేచి కూర్చుంటారు. ఆ ఇంటి ఆడపడుచును కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. నేను నర్సును. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంటి మేడమీద గదిలో ఉంటూ వదినతో రోజుకొకసారైనా పోట్లాడుతూ ఉంటాను.

మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టి ప్రార్థించాలి. రోగులందరినీ జ్ఞాపకం చేసుకో ప్రభువా అని గంపగుత్తగా అంటే మావాళ్ళకు తృప్తి ఉండదు. ఎవరు, ఏం జబ్బు, ఎక్కడున్నారు అన్నీ చెప్పాలి, ప్రతి పేరుకూ అందరూ ఆమెన్ అనాలి. ఇందులో మంచి లేకపోలేదు. ఆదివారం ఒక పేరు వినపడితే సోమవారం పొద్దున్నే ఆ ఇంటి తలుపు ఎవరో ఒకరు తడతారు. ఆసుపత్రిలో తోడు ఉండేవాళ్ళు లేరంటే మనిషి దొరుకుతుంది, పిల్లలకు ఫీజు లేదంటే చందా లేస్తుంది.

శనివారాలు ఆడవాళ్ళ జైలుకు వెళ్తాం. పాటలు వదినవి, బీపీ మిషను నాది, వకీళ్ళ చుట్టూ తిరిగి బెయిళ్ళు తెప్పించడం అన్నయ్యది. లోపల ఒక పొడవాటి గదిలో నాకు బల్ల వేస్తారు. తలుపు దగ్గర ఒక వార్డరు నిలబడి ఉంటుంది. ఎవరు ఏం చేసి అక్కడికి వచ్చారో మేం అడగం.

ఆ శనివారం మేస్త్రి నా బల్ల ముందు కూర్చుంది. బయట ఉన్నప్పుడు తాపీపని ముఠాకు పెద్ద కాబట్టి అందరూ ఆవిణ్ణి మేస్త్రి అనే పిలుస్తారు. జైలు గోడ వంకరగా ఉందని వచ్చిన కొత్తలో సూపరింటెండెంటుతోనే వాదన పెట్టుకుందట. నేను బీపీ చూసి పట్టీ విప్పబోతుంటే, మళ్ళీ ఒకసారి చూడండి అంది. మళ్ళీ గాలి కొడుతుంటే పెదాలు కదలకుండా చెప్పింది.

"వెనక సామాన్ల గదిలో ఒక పిల్లని పెట్టారు సిస్టరుగారూ. దగ్గితే నెత్తురు పడుతోంది. అన్నం మానేసింది, మంచం దిగట్లేదు. నేను చెప్పానని మాత్రం బయటికి రానీకండి. నా కాగితం హెడ్ వార్డరమ్మ చేతిలో ఉంది."

ఆ కాగితం సంగతి నాకు తెలుసు. మంచి ప్రవర్తన ఉన్నవాళ్ళను ముందుగా విడుదల చేసే కమిటీ ఆ నెలాఖరున కూర్చుంటోంది. మేస్త్రి ప్రవర్తన ఎలాంటిదో హెడ్ వార్డరు రాసి పంపాలి. లోపలి మాట బయటికి మోస్తే అది నేరమే, గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మేస్త్రికి ఒక్కతే కూతురు. నెలలు నిండాయి, తొలి కాన్పు. కాన్పుకు తల్లి పక్కన ఉండాలని ఇద్దరూ రోజులు లెక్కపెట్టుకుంటున్నారు.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. జైలు మొత్తానికి టీబీ పరీక్షలు చెయ్యమని సంఘం తరఫున జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెడతాం. అందరికీ చేసేటప్పుడు సామాన్ల గది తలుపు కూడా తెరవక తప్పదు. ఎవరూ ఎవరివైపూ వేలు చూపించక్కర్లేదు. భోజనాల దగ్గర అన్నయ్యకు, వదినకు విషయం చెప్పాను. అర్జీ మీద అన్నయ్య సంతకం పెట్టాడు, సోమవారం ఇద్దామన్నాడు. ఈ మాట గడప దాటకూడదని వదినకు విడిగా చెబితే ఆవిడ మూతి ముడుచుకుంది. నేనేమన్నా చిన్నపిల్లనా అంది.

ఆదివారం ప్రార్థనలో వదిన కళ్ళు మూసుకుంది. ఎవరి ఆపరేషనో అయింది, ఎవరివో పరీక్షలు అయ్యాయి. తరవాత గొంతు పెరిగింది.

"ప్రభువా, జైలు సామాన్ల గదిలో నెత్తురు కక్కుతున్న ఆ బిడ్డని జ్ఞాపకం చేసుకో. భయపడకుండా ఆ సంగతి మాకు చెప్పిన మా మేస్త్రిని నీ రెక్కల కింద దాచుకో."

రెండో వరసలోంచి అందరికంటే ముందు ఒక ముసలి గొంతు ఆమెన్ అంది. నేను కళ్ళు తెరిచాను. ఆ గొంతు హెడ్ వార్డరు తల్లిది.

నోట్లో నువ్వుగింజ నానని ఆడవాళ్ళను నేను చాలామందిని చూశాను. మా వదిన ఆ రకం కాదు. ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంట్లో చెప్పదు. కానీ కళ్ళు మూసుకుంటే చాలు, ఎదురుగా దేవుడు తప్ప ఇంకెవరూ లేరనుకుంటుంది. అదే ఆవిడ జబ్బు, దానికి నా దగ్గర మందు లేదు.

ఆరాధన అయ్యేసరికి ముసలావిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. వదినను వెనక గదిలోకి లాక్కెళ్ళాను. మొదట ఆవిడకు అర్థం కాలేదు. నేను దేవుడితోనే కదా చెప్పాను అంది. రెండో వరసలో ఎవరు కూర్చున్నారో గుర్తుచేశాను. అక్కడే ఉన్న బల్లమీద కూలబడిపోయింది. నా నోటికి వచ్చిందల్లా అన్నాను. నీ భక్తికి ఒక మనిషి బతుకు బలి అన్నాను. ఒకటంటే పది అనే మనిషి తల వంచుకుని అన్నీ పడింది. చివరికి లేచి, పద, వాళ్ళింటికి పోదాం అంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసినా బయల్దేరాం.

జైలు వెనకే సిబ్బంది ఇళ్ళు. తలుపు తీసింది ముసలావిడే. మమ్మల్ని చూసి ఎంత సంతోషపడిందో చెప్పలేను. మీ ప్రార్థన విని వచ్చి మా అమ్మాయికి చెప్పానమ్మా, ఆ పిల్ల సంగతీ ఆ మేస్త్రి సంగతీ కాస్త చూడమని, అంది. మేలు చేశానన్న వెలుగు ఆవిడ మొహంలో కనిపిస్తోంది.

హెడ్ వార్డరు సాయంత్రం డ్యూటీకి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. కూర్చోమంది. టీ పెట్టమని తల్లిని లోపలికి పంపింది. చొక్కా చెయ్యి తిప్పి దానిమీద పెట్టె నడుపుతూ మాట్లాడింది, గొంతు ఎక్కడా పెంచలేదు. ఖైదీని ఆసుపత్రిలో పెడితే పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు కాపలా ఉండాలట. ఆ నలుగురిని ఇచ్చేస్తే జైల్లో మిగిలేది తాళాలేనట. మనుషుల్ని ఇమ్మని పైవాళ్ళను అడిగి అడిగి ఆవిడ నోరు నొప్పెట్టిందట. అందరికీ అంటకుండా గదిలో విడిగా పెట్టానుగా, అదైనా చేశాను అంది. ఆవిణ్ణి అసహ్యించుకోవాలనే వెళ్ళాను. ఆ మాటల్లో సగం నిజమే కావడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

జైలు మొత్తానికి పరీక్షలు చెయ్యమని సోమవారం అర్జీ ఇస్తున్నామని చెప్పేశాను. అప్పుడు బేరం పెట్టింది.

"మేస్త్రి కమిటీ అయ్యేదాకా మీరు అర్జీ ఇవ్వకండి. వచ్చే ఆదివారం అమ్మగారు లేచి, నేను పొరపాటుగా విన్నాను అని చెప్పాలి. మేస్త్రి కాగితం మంచిగా రాస్తాను, ఇంటికి పోతుంది. అప్పుడు ఆ పిల్లని నేనే పంపిస్తాను. కాదంటారా, మీ అర్జీ వెళ్ళేలోపే ఇవాళే బండి పిలుస్తాను, నా ఉద్యోగం నేను కాపాడుకోవాలి కదా. మేస్త్రి గురించి ఉన్నదే రాస్తాను. లోపలి మాట బయటికి మోసింది. అబద్ధం ఒక్క ముక్క రాయను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదిన తడుముకోకుండా సరే అంది. నేను అబద్ధమాడానని చెప్పుకుంటాను, నా పరువు పోతే పోనీ అంది. నాకు ఒళ్ళు మండింది. పరువు గొడవ ఎవడికి కావాలి, అన్నం మానేసి నెత్తురు కక్కే మనిషి నెలాఖరు దాకా ఆగుతుందా అన్నాను. మేస్త్రి నావల్ల ఆగిపోతే నేనెలా బతకను అంది వదిన. పరాయి ఇంట్లో, ఇస్త్రీ బల్లకు అటొకరం ఇటొకరం నిలబడి, మా వంటింట్లో పోట్లాడుకున్నట్టే పోట్లాడుకున్నాం. లోపల్నుంచి ముసలావిడ చక్కెర ఎంత వెయ్యను అని అడిగింది. 

హెడ్ వార్డరు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది.

"మీరెందుకు కొట్టుకుంటారు, ఆవిణ్ణే అడగండి. ఇంతకాలం నుంచి చూస్తున్నాను, ఇంటికి పోతావా అంటే పోనన్నవాళ్ళని నేను చూడలేదు."

డ్యూటీ ఎక్కుతూనే మమ్మల్ని ములాఖతు గదికి తీసుకెళ్ళింది. మధ్యలో ఇనప జాలీ. అవతల మేస్త్రి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మొదట వదిన మొహం చూసింది, తరవాత హెడ్ వార్డరు మొహం చూసింది. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. అయినా హెడ్ వార్డరు రెండు దారులూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాట అటూ ఇటూ మార్చలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. వదిన ఏదో అనబోతే మేస్త్రి చెయ్యెత్తి ఆపి, నావైపు తిరిగింది.

"ఆగితే ఏమవుతుంది సిస్టరుగారూ?"

అబద్ధం చెబుదామనిపించింది. ఏం కాదులే, కొన్నాళ్ళు ఆగుతుంది అంటే చాలు, మేస్త్రి ఇంటికి వెళ్తుంది, కూతురి పక్కన కూర్చుంటుంది, వదిన రాత్రిళ్ళు నిద్రపోతుంది. సామాన్ల గదిలో పిల్లను నేను చూడనైనా చూడలేదు. 

"నేను పిల్లని చూడలేదు. మీరు చెప్పినదాన్నిబట్టి అయితే, ఆగదు."

మేస్త్రి జాలీ పట్టుకుని తల వంచుకుంది.  ఆవిడ వేళ్ళు జాలీలో బిగుసుకోవడం, వదలడం, మళ్ళీ బిగుసుకోవడం చూస్తూ నిలబడ్డాను. ఇంటికి పోతాననాలని ఒకసారి కోరుకున్నాను, అనకూడదని ఒకసారి కోరుకున్నాను.

"బండి పిలవండమ్మా" అంది హెడ్ వార్డరుతో. "నేనే చెప్పానని రాసుకోండి."

హెడ్ వార్డరు కదల్లేదు. ఆవిడ లెక్క తప్పింది. మీ అమ్మాయికి నెలలు నిండాయి కదా అంది మెల్లగా. తెలుసు అంది మేస్త్రి. హెడ్ వార్డరు ఫోను తీసింది.

అప్పుడు మేస్త్రి వదిన దగ్గరికి జరిగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"మా అమ్మాయి దగ్గరికి మీరు వెళ్ళండి అమ్మగారూ. నేనెందుకు రాలేదో మీరే చెప్పండి. సిస్టరుగారితో చెప్పించకండి."

చీకటి పడకముందే బండి వచ్చింది. పిల్లను దుప్పటితో సహా ఇద్దరు మోసుకొచ్చారు, ఇద్దరు అక్కర్లేనంత తేలిగ్గా ఉంది. పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయేమో. నాడి చూశాను. పరిగెడుతోంది, కానీ ఉంది. హెడ్ వార్డరు తనే వంగి పిల్ల పాదాలు కప్పింది. కాపలాకు ఇద్దరు వార్డర్లు బండి ఎక్కారు. ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టారు. బతుకుతుందనే అంటున్నారు.

నెలాఖరున కమిటీ కూర్చుంది. హెడ్ వార్డరు ఉన్నదే రాసింది. మళ్ళీ ఏడాది దాకా మేస్త్రి పేరు వాళ్ళ ముందుకు రాదు. అన్నయ్య వకీలును పట్టుకుని తిరుగుతున్నాడు. ఏదో ఒక దారి ఉంటుందంటాడు. ఆయన ఎప్పుడూ అదే అంటాడు.

ఆ కబురు తెలిసిన రోజే వదిన, నేను కూతురి ఇంటికి వెళ్ళాం. ఇరుకు మెట్లెక్కి పైకి వెళ్తే ఒకటే గది, వంటమూల. తలుపు తీసిన అమ్మాయి నడుముమీద చెయ్యి పెట్టుకుని మా వెనక మెట్లవైపు చూసింది. తల్లి నెమ్మదిగా ఎక్కుతోందేమో అనుకున్నట్టుంది. గదిలో గోడపక్కన ఇంకో మంచం వేసి, ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"అమ్మ ఏది?"

వదిన కొంగు సర్దుకుంది. నేను అందుకుందామని నోరు తెరిస్తే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మేస్త్రి నాతో ఏం చెప్పిందో, తను ఆదివారం ఏం చేసిందో, జాలీ దగ్గర ఏం జరిగిందో ఒక్కటీ దాచలేదు. ఎక్కడ దేవుని చిత్తం అంటుందోనని నేను హడలిపోయాను. అనలేదు. అంత చిన్న గొంతుతో వదిన మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మాయి వినడానికి తల ముందుకు వంచాల్సి వచ్చింది.

అంతా విని ఆ అమ్మాయి అరవలేదు. తలుపు పట్టుకుని వదిననే చూసింది.

"మీ దేవుడికి చెవుడా అమ్మగారూ? మా అమ్మ పేరు మీరు మనసులో అనుకుంటే ఆయనకి వినపడదా?"

  అమ్మాయి గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, తల్లికోసం వేసిన మంచంమీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. తలుపు మాత్రం వెయ్యలేదు. లోపలికి వెళ్ళాలో వద్దో తెలియక మేమిద్దరం ఆ గడప బయటే నిలబడ్డాం.