పావు అంగుళం వంపు

ఆఫీసులో ఆయన్ని అందరూ సరళరేఖ గారు అనేవారు. ఎదురుగా ఉన్నప్పుడు డ్రాఫ్ట్స్‌మన్ గారూ అని మర్యాదగా పిలిచినా, పక్కకు తిరగ్గానే సరళరేఖే. గోడ మీద క్యాలెండరు వాలితే పని ఆపి మరీ లేచి సరిచేసే మనిషి. పట్టణాల పటాలు గీసే ఆ ఆఫీసులో ముప్పైమూడేళ్లు చేశాడు, ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. వీడ్కోలు సభ కోసం పక్క సీటు గుమాస్తా ఇప్పటికే ఒక వాక్యం రాసి పెట్టుకుని వచ్చినవాడికల్లా వినిపిస్తున్నాడు. ‘ఈయన చేతిలో ఒక్క గీత కూడా వంకర పోలేదు.’ అది విన్నప్పుడల్లా సరళరేఖ గారు సీట్లోంచి లేచి వరండాలోకి వెళ్లిపోయేవాడు.

ఎందుకంటే ఒక గీత వంకర పోయింది. ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు.

ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది ఏటి ఒడ్డున గుడిసెలన్నీ వరదలో కొట్టుకుపోయాయి. నూట ఇరవై కుటుంబాలు టార్పాలిన్ల కింద వానలో ముడుచుకుని కూర్చున్నాయి. ఊరవతల ఖాళీ నేలలో వాళ్లకు స్థలాలిస్తామని ఆఫీసు చెప్పింది. సర్వేయరు కొలిచి తెచ్చిన పటంలో నడిమి వీధి దారం పట్టినట్టు తిన్నగా ఉంది. దాన్ని ట్రేసింగ్ కాగితం మీదకు ఎత్తితే, మర్నాడు పొద్దున్నే ఆ కాగితం ప్రకారం హద్దురాళ్లు పాతుతారు.

కాగితం కదలకుండా నాలుగు మూలలా ఇసుక మూటలు పెట్టుకోవడం అక్కడి పద్ధతి. సగం వీధి గీశాక, పక్క బల్ల మీది కాగితాలు ఫ్యాను గాలికి ఎగురుతుంటే, కుర్రతనం కదా, తన పటం మీది మూటొకటి తీసి వాటి మీద పెట్టాడు. మిగతా సగం గీసి చూసుకుంటే కాగితం పావు అంగుళం జారిపోయి ఉంది. వీధి రెండు ముక్కలైంది. మళ్లీ గీయాలంటే రెండు రోజులు పడుతుంది. పై అధికారి ముక్కోపి. బయట వాన, వానలో పసిపిల్లలు. రెండు ముక్కల్నీ నున్నటి వంపుతో కలిపేసి, పావు అంగుళానికి పుట్టి మునిగిపోదులే అనుకున్నాడు. అందులో జాలి ఎంతో, భయం ఎంతో ఆయనకే తెలియదు. కింది మూలన ‘గీసినవారు’ అనే గడిలో పేరు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేశాడు. ఎవరూ చూసుకోలేదు.

ఆ పటంలో అంగుళమంటే నేల మీద నలభై అడుగులు. పావు అంగుళమంటే పది అడుగులు.

ఇప్పుడు ఆ వీధికి మురుగు కాలువ మంజూరైంది. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ చురుకైన పిల్ల. రికార్డు గదిలోంచి పాత సర్వే పటం తీయించి, వీధిని కొలిపించింది. సగం నుంచి అవతల ఎడమ వరసలో పదకొండు ఇళ్లు పది అడుగులు రోడ్డు మీదకి వచ్చి ఉన్నాయని తేలింది. ఆక్రమణ అన్నారు. నెల గడువిచ్చి, ముందు గదులు కొట్టేయాలన్నారు. గోడల మీద ఎర్ర గుర్తులు పెట్టే పని నమ్మకస్తుడే చేయాలని సరళరేఖ గారికి అప్పగించింది. పైగా ఆ పిల్లకి స్కేలు పట్టడం నేర్పింది ఆయనే. ఆయన నీళ్లు నమిలి, సరేనన్నాడు.

ముప్పైమూడేళ్లలో ఆయన ఆ వీధిలో అడుగు పెట్టలేదు. అటు వెళ్లాల్సివస్తే చుట్టూ తిరిగైనా పక్క రోడ్డున పోయేవాడు. ఆ రోజు రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని వంపు దగ్గరకు వచ్చి ఆగాడు.

ముందుకు వచ్చిన మొదటి ఇంటి గోడ నీడ రోడ్డు మీద చాపంత పరుచుకుని ఉంది. నీడలో కూరగాయల బండి, పొడుగాటి బెంచీ, పంచరు వేసే అతని గాలి పంపు. వంపు దగ్గర బళ్లు తప్పనిసరిగా నెమ్మదించాల్సిందే కాబట్టి పిల్లలు భయం లేకుండా ఆడుకుంటున్నారు. మొదటి ఇంటి ముందు గదిలో ఒకావిడ కుట్టుమిషను తొక్కుతోంది.

ఆయన ఎర్ర గీత గీస్తుంటే ఆవిడ మిషను ఆపి బయటికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. తాను పరికిణీ వయసులో ఉండగా ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవనీ, రాయి ఎక్కడుంటే అక్కడ, బెత్తెడు కూడా దాటకుండా నాన్న గోడ కట్టాడనీ చెప్పింది. ఎండ తగలదని గోడ పక్కన మొదట కూరగాయల బండి ఆగిందట. బండి కోసం ఆడవాళ్లు ఆగారు. ఆగినవాళ్లకి ఎవరో బెంచీ వేశారు. జనం ఉన్నచోట గిరాకీ ఉంటుందని పంచరతనొచ్చాడు, తను మిషను పెట్టుకుంది. అంతకుముందు అది నూట ఇరవై ఇళ్లే తప్ప ఊరు కాదట.

“ఈ వంపు ఎవరు పెట్టారో గాని అన్నయ్యా, పనితనం తెలిసినవాడు. చొక్కాకి చంక దగ్గర వంపు తీయకపోతే చెయ్యి పైకి లేవదు. వీధికీ అంతే. ఆయన పేరు కనుక్కుందామని నాన్న చాలా తిరిగాడు, దొరకలేదు.”

సరళరేఖ గారు తల వంచుకుని పదకొండో గోడ దాకా గుర్తులు పెట్టి వచ్చేశాడు. చేతికంటిన రంగు ఎంత తోమినా ఆ రోజుకి వదల్లేదు.

మూడు వారాలు ఎవరితోనూ అనలేదు. రెండు పూటలా అన్నం కెలికి వదిలేస్తుంటే భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒక సాయంత్రం, ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతుంటే, అంతా చెప్పేశాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్ల పేరు పోతుందనీ, సభలో తల ఎక్కడ పెట్టుకోవాలనీ అన్నాడు. ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

“ఈ దుప్పటి బెత్తెడు పక్కకి జరిగితే నిద్రపోరు కదా మీరు,” అంది. “ఇన్నేళ్లూ ఎలా పడుకున్నారండీ?”

మర్నాడు ఆయన రికార్డు గదిలో దుమ్ము దులిపి, పచ్చబడిన ట్రేసింగు తెచ్చి ఇంజనీరమ్మ బల్ల మీద పరిచాడు. రాళ్లు పాతింది దీని ప్రకారమేననీ, వాళ్లు జరగలేదు, ఆఫీసే జరిపిందనీ చెప్పాడు. ఆ అమ్మాయి కాగితాన్ని మూల నుంచి మూలకు చూసింది. గీసినవారి పేరు లేని పటాన్ని రికార్డుగా ఒప్పుకోరని ఆయనే కదా తనకు నేర్పాడని గుర్తుచేసింది. ఇది చిత్తుకాగితంతో సమానం అంది. ఎవరు గీశారో ఏమో అని నిట్టూర్చింది.

ఆయన జేబులోంచి కలం తీసి, ఖాళీ గడిలో పేరు రాసి, పక్కన ఆ రోజు తారీఖు వేశాడు.

అమ్మాయి ఆ తారీఖు మీద వేలు పెట్టింది. “అప్పుడే ఎందుకు రాయలేదు మాస్టారూ?”

“తప్పని తెలుసు కాబట్టేనమ్మా.”

విచారణ జరిగింది. రిటైర్మెంటు కాగితాలు కొంతకాలం ఆగాయి. గుమాస్తా తన వాక్యం కొట్టేయలేక, చదవలేక, చివరికి సభలో గొంతు సవరించుకుని దండ వేసి ఊరుకున్నాడు. అయితే పదకొండు ఇళ్లూ నిలిచాయి. కాలువే వంపు తిరగాలని తీర్మానమైంది. ఆఫీసులో అందరూ పటాలు కంప్యూటర్లో గీస్తున్నా, ఈ ఒక్కదాన్ని చేత్తో గీస్తానని సరళరేఖ గారు అడిగి పుచ్చుకున్నాడు. ఒకప్పుడు పొరపాటున వచ్చిన వంపుని కావాలని తేవడానికి మూడు కాగితాలు పాడయ్యాయి.

ఆ పటాన్ని అందరూ చూసేలా వంపు దగ్గరే బోర్డు మీద అతికించారు. రిటైరైన మూడో రోజున ఆయన అక్కడికి వెళ్లాడు. కుట్టుమిషనావిడ కళ్లద్దాలు పైకెత్తుకుని బోర్డు కింది మూల చదువుతోంది.

“ఈ పేరు ఎవరిదన్నయ్యా?”

“నాదే. పాత వంపు కూడా నేను గీసిందే. తెలిసి పెట్టింది కాదమ్మా. కాగితం జారింది.”

ఆవిడ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. మూడు వారాలు ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదనీ, తన చిన్న కూతురు రోజూ గోడని పట్టుకుని ఏడ్చిందనీ చెప్పింది. గొంతు కాస్త గట్టిగానే ఉంది. ఆయన ఆ మాటలు పడ్డాడు. పడాల్సిందేనని ఆయనకు తెలుసు. అంతా అన్నాక లోపలికి వెళ్లి, స్టూలు తెచ్చి, దుమ్ము తుడిచి, నీడ ఉన్నచోట వేసింది.

“అప్పుడే పేరు రాసుంటే,” అంది, “ఇన్నేళ్లూ ఇటుగా తిరిగేవారు కదా అన్నయ్యా.”

ఆయన నీడలో ఆ స్టూలు మీద కూర్చున్నాడు.