వాకిట్లో ఆరేసిన బొంత

నేను ఒక బొంతను. హుజూరాబాద్‌లో లచ్చవ్వ అనే ముసలమ్మ చేతుల్లో పుట్టాను. పుట్టాననడం సగం అబద్ధమేలెండి. మా వైపు ఇళ్ళలో బొంతను ఎవరూ పారేయరు. పాతది చివికిపోతే దాన్నే మధ్యలో పెట్టి, పైనా కిందా పాత చీరలు పరిచి, పొడుగు సూదితో మళ్ళీ కుట్టేస్తారు. అట్లా నా కడుపులో ఇంకో బొంత ఉంది. అది లచ్చవ్వ కొడుకు మొగిలి చిన్నప్పుడు పడుకున్నది. ఐదో తరగతి దాకా వాడు దాన్ని తడపని రాత్రి అరుదు. ఈ సంగతి వాళ్ళమ్మకు తెలుసు, నాకు తెలుసు. మొగిలి మాత్రం శుభ్రంగా మరిచిపోయాడు. మనుషులకు మరుపు ఎంత సుఖమో! గుడ్డలకు ఆ భాగ్యం లేదు.

మొగిలి ఇప్పుడు బస్సు డ్రైవరు. భార్య స్వరూప, ఒక్కగానొక్క కూతురు అఖిల. పిల్ల నాలుగో తరగతి. చురుకైంది, లెక్కలు నోటితోనే చెప్పేస్తుంది. పొద్దున నా మీద నుంచి లేవాలంటే మాత్రం దానికి చచ్చేంత భయం. కళ్ళు తెరవకముందే చేత్తో కింద తడిమి చూసుకునేది. తడి తగిలిందా, ఊపిరి బిగబట్టి అట్లాగే పడుకునేది. స్వరూప చేయని వైద్యం లేదు. నువ్వుల ముద్దలు తినిపించింది, తాయెత్తు కట్టించింది, రాత్రి అన్నంలో చారు మానిపించింది. నేను తడుస్తూనే ఉన్నాను. ఆమె నోరెత్తకుండా నన్ను ఉతికి, ఎవరి కంటా పడకుండా పెరట్లో ఆరేసేది.

లచ్చవ్వ బాలింతరాలైన కూతురికి సాయంగా వెళ్ళిన రోజుల్లో మొగిలికి ఓపిక నశించింది. "ఇట్ల దాసిపెట్టుడుతోనే దీనికి భయం లేకుంటైంది. నలుగురు సూస్తే సిగ్గయితది, సిగ్గయితే అదే బందైతది" అంటూ నన్ను లాక్కెళ్ళి రోడ్డు వైపు గోడ మీద పరిచాడు. చెడ్డవాడు కాదు మొగిలి. బిడ్డ కాలిలో ముల్లు దిగితే తన కళ్ళలో నీళ్ళు తిరిగే మనిషి. సిగ్గు కూడా ఒక మందే అనుకున్నాడు, అంతే.

గోడ మీద నుంచి నాకు వీధంతా కనిపించేది. వీధికి నేనూ కనిపించేదాన్ని. అఖిలతో చదివే ఎదురింటి మానస ఒకరోజు గేటు దగ్గర ఆగింది. "మీ బొంత రోజు ఎండేస్తరేందే? నువ్వు గిట్ల..." అని, మిగతా మాట నవ్వులో మింగేసింది. అఖిల తల వంచుకుని లోపలికి పోయింది. ఆ రోజు నుంచే ఆ పిల్ల నీళ్ళు తాగడం మానేసింది. బడికి తీసుకెళ్ళిన సీసా నిండుగానే తిరిగొచ్చేది. ఎవరూ చూడకుండా నా ముందే గోడ కింద పారబోసేది. పెదవులు పగిలాయి. చలికాలపు పగుళ్ళని వాళ్ళమ్మ వెన్న రాసింది. ఎండాకాలంలో చలి పగుళ్ళేమిటి తల్లీ అని అడగడానికి నాకు నోరేదీ?

అయినా నేను తడిశాను. కొద్దిగానే, కానీ ముదురు రంగులో, ఘాటుగా. ఆ తడికి పిల్లకు మంట పుట్టేది, పళ్ళ బిగువున ఓర్చుకునేది.

ఒకనాడు బడిలో ఆడుతూ ఆడుతూ కుప్పకూలింది. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. కబురు తెలిసి లచ్చవ్వ పరుగున వచ్చింది. సాయంత్రం పిల్లను తీసుకొచ్చేసరికి నేనింకా గోడ మీదే ఉన్నాను. నన్ను చూసి అఖిల మొహం తిప్పుకుంది.

"నీళ్ళు తాగకనే గిట్లైందట అత్తమ్మా" అని స్వరూప ఏడుస్తూ చెప్పింది. "పక్క తడుపుడు పిల్ల తప్పు గాదట. కొందరికి ఆలస్యంగ పోతదట. పగటిపూట నీళ్ళు మంచిగ తాగాల్నట, తిట్టద్దట. ఇంట్ల ఇంకెవరికన్న ఉండెనా అని డాక్టరమ్మ అడిగింది. ఎవరికి లేదని ఈయన చెప్పిండు."

లచ్చవ్వ కొడుకు వైపు తిరిగింది. "ఎవరికి లేదన్నవా?"

మొగిలి చెప్పులు విప్పుతున్నట్టు వంగాడు.

ముసలమ్మ నన్ను గోడ మీద నుంచి లాగి భుజాన వేసుకుంది. "ఎన్నడన్న నీ బొంత వాకిట్ల ఎండేసిన్నా కొడుకా? దొడ్డెనుక ఎండేసి, పొద్దు గూకకముందే మడతపెట్టిన. మీ బాపుకు సుత తెల్వనియ్యలే. నీ సిగ్గు నా కొంగుల దాసుకున్న. నువ్వేమో నీ బిడ్డ సిగ్గు బజార్ల పెట్టినవ్."

మొగిలి మెట్టు మీద కూర్చున్నాడు. అఖిల మెల్లగా దగ్గరికొచ్చింది.

"బాపూ, నీకు సుత అయితుండెనా?"

తల ఊపాడు.

"మరి నిన్నెవ్వరు ఏమనలేదా?"

మొగిలి బిడ్డను ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అలవాటు ఎప్పుడు పోయిందని అడుగుతారేమో. ఎప్పుడో పోయింది. ఏనాడు పోయిందో వాళ్ళకు గుర్తులేదు. నాకు గుర్తుంది గానీ, అది చెప్పుకునేంత సంగతి కాదు. ఇప్పుడు నేను అటక మీద ఉన్నాను. బలపాలు, ఇత్తడి గిన్నెలు, ఒక విరిగిన ఫ్యాను నాకు తోడు. పొద్దుపోక, అఖిల దవాఖాన నుంచి వచ్చిన మర్నాటి పొద్దునను తలుచుకుంటూ ఉంటాను.

ఆ పొద్దున కూడా నేను తడిశాను. ఒక్కరోజులో ఏం మారుతుంది? అఖిల లేచి కూర్చుంది, చుట్టూ చూసింది, ఇల్లంతా వినబడేట్టు అరిచింది.

"బాపూ! బొంత తడిసింది!"

ఆ ఇంట్లో ఆ మాట గట్టిగా వినడం నాకు అదే మొదలు. మొగిలి ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. నన్ను నీళ్ళలో జాడించి తీశారు. తడి బొంతను ఒక్కరు పిండలేరు. ఆ కొస ఆయన పట్టుకున్నాడు, ఈ కొస పిల్ల పట్టుకుంది.

"గట్టిగ పట్టు బిడ్డా."

"నేను పట్టిన. నువ్వే ఇడిసినవ్."