ఎత్తుకు తగ్గ పొడుపు

బావమరిది అన్న మాటలోంచి బావని తీసేస్తే మిగిలేది మరిది. జీపేసుకుని మేస్త్రీ మెకానిక్ షెడ్డుకి వచ్చినవాడు ఎవరికీ మరిది కాడు. మరి ఏమవుతాడు? మేస్త్రీ పెళ్లిని రద్దు చేస్తూ మొన్న కోర్టువాళ్లు ఇచ్చిన కాగితంలో ఆ సంగతి రాయలేదు.

అందుకే షెడ్డు ముందు జీపు ఆగినా మేస్త్రీ తలెత్తలేదు. తుడుస్తున్న స్పానరునే తుడుస్తూ కూర్చున్నాడు. ఆ జీపు చప్పుడు అతనికి తెలుసు. దాని ఎత్తు పెంచింది ఆ షెడ్డులోనే, వాళ్లిద్దరే. కమాను కట్టలకి అదనపు ఆకులు, అంటే ఇనప బద్దలు, వేసి నాలుగంగుళాలు లేపారు. ఆ పని జరిగినన్నాళ్లూ మేస్త్రీ భార్య ఇద్దరికీ టీ తెచ్చి, "నా పూలకుండీల్లో కూడా ఇన్ని ఆకులు లేవు" అని నవ్వేది. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గుతూ వచ్చాయి. కొట్లాట లేదు, కొట్లాడాలన్నా మాటలు కావాలి కదా. చివరికి జీపుకి ఆకులు, మేస్త్రీకి విడాకులు మిగిలాయి.

ఈ చమత్కారం కోర్టు మెట్లు దిగుతుంటే అతనికే తట్టింది. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా మరొకరి కాలులా ఉంటుంది. మేస్త్రీకి మనిషి మనిషంతా అలా తిమ్మిరెక్కి ఉంది.

జీపు తలుపు తెరుచుకుంది. ముందు ఒక కాలు గాల్లో వేలాడి నేల కోసం వెతికింది, ఆ తర్వాత మిగతా బావమరిది దిగాడు. అసలే పొట్టి. బండి ఎత్తు పెంచుకున్నాక మరీ పొట్టి అయ్యాడు. పదిహేనేళ్లుగా ఆ పొట్టితనం మీద మేస్త్రీ వెయ్యని జోకు లేదు, మేస్త్రీ బట్టతల మీద వాడు వెయ్యని జోకు లేదు. ఒకరినొకరు ఎత్తిపొడుచుకోకుండా ఇద్దరూ కలిసి ఒక్క బోల్టు బిగించి ఎరగరు.

"నమస్కారం మేస్త్రీగారూ," అన్నాడు.

మేస్త్రీ స్పానరు పక్కన పెట్టాడు. "నమస్కారమండీ. చెప్పండి."

"షాకులు మార్చాలండీ. తారురోడ్డు దిగితే చాలు, బండి దబదబా బాదేస్తోందండీ."

"ఎత్తు పెంచినప్పుడే మార్చమన్నాను కదండీ."

"అన్నారండీ. ఇప్పటికి కొన్నానండీ."

బండి సంగతేమో గానీ, ఈ అండీలతో ఇద్దరి నోళ్లూ గతుకుల్లో పడ్డాయి.

మేస్త్రీకి ఒకటి తెలుస్తూనే ఉంది. కుదుపులు మింగే ఈ షాకులు బిగించేస్తే ఈ మనిషికి ఇక్కడ ఇంక పనుండదు. గిరాకీగా వచ్చినవాడు గిరాకీగానే వెళ్లిపోతాడు. భార్య వెళ్లాక మంచం సగమే ఖాళీ అయింది. వీడు వెళ్తే షెడ్డు మొత్తం ఖాళీ. ఆ ముక్క బుర్రదాకా వచ్చింది. అక్కణ్నుంచి కిందికి దిగలేదు.

జాకీతో బండి ముందుభాగం ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టాడు. చక్రాలు, పాత షాకులు విప్పేసరికి ఇరుసు కిందికి వేలాడింది. ఒక పాత షాకుని నేలకి ఆనించి నొక్కాడు. మంచిదైతే చేతికి ఎదురు తిరగాలి. ఇది నొక్కితే నొక్కినచోటే కూలబడింది. నూనె ఎప్పుడో కారిపోయింది.

"పాపం, తినాల్సిన షాకులన్నీ ఇదే తినేసిందండీ," అన్నాడు బావమరిది.

"తిని తిని అలవాటైపోయిందండీ. ఇప్పుడు దీనికేమీ తెలీదు."

మేస్త్రీ షాకు గురించే అన్నాడు. బావమరిది మాత్రం తల దించుకున్నాడు.

కొత్త డబ్బా విప్పగానే మేస్త్రీకి తెలిసిపోయింది. ఎత్తు పెంచని బండికి వేసే పొడవు అది. అయినా ఏమీ అనకుండా ఒకదాన్ని తీసి పైకొస బిగించాడు. కిందికొసని ఆఖరంటా లాగాడు. ఇరుసు మీద అది కూర్చోవాల్సిన చోటుకి బెత్తెడు పైన ఆగిపోయింది.

గోడకి ఆనుకున్న బావమరిది, రావాల్సిన బస్సు కోసం చూస్తున్నట్టు మేస్త్రీ మొహంలోకి చూస్తున్నాడు.

"అందట్లేదండీ."

"అంతేనా అండీ?"

"అంతేనండీ. చక్రం గాల్లోకి వేలాడినప్పుడు బరువంతా షాకు మీదే పడి తెగిపోతుంది. మార్చి తెచ్చుకోండి. అలాగని మరీ పొడుగువీ తేకండి. ఇరుసు పైకి లేచినప్పుడు ముడుచుకునే చోటు లేక లోపల్లోపలే కొట్టుకుంటాయి."

"ఇంకేం అనరా?"

"ఇంకేముందండీ అనడానికి?"

బావమరిది మొహం కందగడ్డయింది. "ఏముందా! ఈ బండికి ఆకులేసినప్పుడు పక్కన నేను లేనూ? దీని ఎత్తు నాకు తెలీదూ? బుద్ధున్నవాడెవడైనా ఈ పొట్టి షాకులు కొంటాడా? కొట్టువాడు కూడా మతిపోయిందా అన్నాడు. కొట్టువాడు తిట్టాడు, నువ్వు తిట్టవేం?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వాడు గమనించలేదు. మేస్త్రీ గమనించాడు.

"తెలిసే కొన్నారా?"

"తిట్టించుకోడానికే కొన్నాను. ఈ బండికి దొరికేవాటిలో పొట్టివేవో అడిగి మరీ కొన్నాను. చూడగానే నీ నోరు ఊరుకోదనుకున్నా. ఏం తిడతాడో, ఏం తిడతాడో అని దారంతా ఊహించుకుంటూ వచ్చా. నువ్వేమో... అండీ!"

"ముందు గారూ అన్నది మీరేగా."

"మరేమని పిలవను? అద్దం ముందు నిలబడి అన్నీ అని చూసుకున్నా. బావా అంటే నీకు కష్టమేస్తుందేమో. పేరు పెట్టి పిలుద్దామంటే నోరు తిరగలేదు."

"మీ అక్క పంపిందా?"

"అక్కకి తెలీదు. అక్క సంతకం పెట్టింది, నువ్వు పెట్టావు. అది మీ ఇద్దరి సంగతి." వాడు గోడ వదిలి జీపు పక్కకి వచ్చాడు. "నన్నెవరూ సంతకం అడగలేదు. నేను పెట్టలేదు."

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి గీకుతోంది. మేస్త్రీ వేలాడుతున్న షాకుని చూశాడు. దాని కింద బెత్తెడు ఖాళీని చూశాడు. పక్కనున్న మనిషిని చూశాడు. ఎత్తిపెట్టిన జీపు బంపరు వాడి గడ్డాన్ని తాకేలా ఉంది. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు ఆగాడు. ఏమీ అనిపించలేదు. అయితే నోటికి పాత దారి తెలుసు. మనిషి వెంట రాకపోయినా అదొక్కటే నడిచి వెళ్లింది.

"షాకులు కొనాల్సింది బండి ఎత్తుకి రా, నీ ఎత్తుకి కాదు."

గొంతులో ఉప్పూ లేదు, కారమూ లేదు. సామాన్ల పేర్లు చదివినట్టు అన్నాడు. బావమరిది మాత్రం పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నూనె డ్రమ్ము మీద కూలబడి, కళ్లు తుడుచుకోబోయి, డ్రమ్ము మీంచి చేతికంటిన గ్రీజంతా మొహానికి పూసుకున్నాడు.

"నేననుకున్నవాటిలో ఇది లేదు," అన్నాడు.

"టేపు పట్టు."

ఇద్దరూ కొలిచారు. ఇరుసు వేలాడుతుండగా ఒకసారి, దాన్ని జాకీతో పైనున్న రబ్బరుదిమ్మకి తగిలేదాకా లేపి మరోసారి. షాకు సాగితే మొదటి కొలత దాటాలి, ముడుచుకుంటే రెండో కొలతకన్నా పొట్టి కావాలి. మేస్త్రీ సుద్దముక్కతో ఆ రెండంకెలూ డబ్బా మీద రాసి, పొట్టి షాకులు అందులో సర్ది ఇచ్చాడు.

"ఈ రెంటికీ సరిపోయేవి ఇమ్మను."

"ఇందాక మతిలేనివాడివి, ఇంతలో ఈ కొలతలెక్కడివి అంటాడు కొట్టువాడు. ఏం చెప్పను?"

మేస్త్రీ మళ్లీ స్పానరు తుడవసాగాడు. అది శుభ్రమై చాలాసేపయింది.

"మా బావ కొలిచాడని చెప్పు."

బావమరిది డబ్బా చంకన పెట్టుకుని జీపు వైపు నడిచి, చక్రాల్లేని బండిని చూసి ఆగాడు.

"నడిచి వెళ్లాలా బావా?"

"నడువు. నీ కాళ్లకి సాయంత్రానికల్లా చేరతావు."

వాడు గొణుక్కుంటూ వీధిలోకి దిగాడు. డబ్బా ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంటూ మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. అప్పుడు మేస్త్రీకి మరో మాట తట్టింది, ఇందాకటి దానికన్నా పదునైనది. కేకేసి అందామా అనుకున్నాడు. వాడు తిరిగొచ్చాక అందామని దాచుకున్నాడు.